ఆ బొగడబంతి ఏ రోజున చచ్చిపోయింది

అమ్మ పోయాక ఆవిడ బీరువా సర్దే పని నా నెత్తిన పడింది. చీరల మడతల మధ్య, పాత పేపరు ముక్కలో చుట్టి దారంతో కట్టిన పొట్లం ఒకటి దొరికింది. విప్పితే బొగడబంతి పూలు, గుప్పెడు ఉంటాయేమో. ఎర్రగా, నిన్న సాయంత్రం కోసినట్టే ఉన్నాయి. వేళ్ళతో నొక్కితే గరగరలాడాయి గానీ రంగు మాత్రం ఇసుమంత కూడా దిగలేదు. పేపరు పచ్చబడిపోయి పొడిపొడిగా రాలుతోంది, పూలకి మాత్రం ఏమీ కాలేదు. ఆ పొట్లం ఒళ్ళో పెట్టుకుని మంచం మీద ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు. మా ఆయన వచ్చి, "ఏంటవి, విత్తనాలా? పారేసేవా?" అని అడిగితే పొట్లం ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. అవి ఏ చెట్టు పూలో నాకు తెలియాలి కదా. మొదటి చెట్టువా, తర్వాతి చెట్లవా? ఆ సంగతి చెప్పగలిగిన మనిషి అమ్మ ఒక్కతే. ఆవిడ ఒక్క ముక్కా చెప్పకుండా పొట్లం కట్టి దాచి వెళ్ళిపోయింది. ఏడుపు రావలసిన చోట నాకు కోపం వచ్చింది, నిజం దాచుకోవడం ఎందుకు.

మాది కోనసీమ పక్క. నాన్నకి పోర్టులో క్రేను నడిపే ఉద్యోగం వచ్చిందని నా చిన్నప్పుడే విశాఖపట్నం వచ్చేశాం. పాతూరికి దగ్గర్లో క్వార్టర్సు. రెండు గదులు, వంటిల్లు, వెనక వరండా, వరండా దాటితే ప్రహరీ గోడ వారగా ఒక చాప పరిచేంత మట్టి నేల. అంత నేల దొరికిందని అమ్మ మొదట్లో మహా సంబరపడిందట గానీ, అక్కడ ఏదీ ఏపుగా పెరిగేది కాదు. గాలి ఒక వైపు నుంచి వీస్తే నల్లటి బొగ్గు దుమ్ము, ఇంకో వైపు నుంచి వీస్తే ఎర్రటి ఇనుప ఖనిజం దుమ్ము. పొద్దున్న లేవగానే అమ్మ కిటికీ అంచు మీద వేలు పెట్టి రాసి చూసి, "ఇవాళ నలుపే" అనో "ఇవాళ ఎరుపే" అనో ప్రకటించేది. దాన్నిబట్టి ఆ రోజు ఏ బట్టలు ఉతకాలో, ఏవి రేపటికి ఆపాలో తేలేది. నాన్న డ్యూటీ నుంచి రాగానే చొక్కా విప్పి గుమ్మం బయటే మూడు సార్లు దులిపేవారు. ఎంత దులిపినా ఆయన దిండు మీద తల పెట్టిన చోట బూడిదరంగు గుండ్రం ఉండనే ఉండేది. మా ఊళ్ళో అయితే తెల్ల చీర కట్టుకుని వారం ఉండొచ్చని అమ్మ అనేది. ఆవిడ తెల్ల చీర కట్టగా నేను అక్కడా చూడలేదు, ఇక్కడా చూడలేదు.

మా వాకిట్లోకి రోజూ తొమ్మిదింటి వేళకి నూకాలమ్మ వచ్చేది. హార్బరు దగ్గర చేపలు ఎత్తుకుని, గంప నెత్తిన పెట్టుకుని, క్వార్టర్సు అన్నీ తిరిగేది. నల్లగా, పొడుగ్గా, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడితే మా గుమ్మం సగం ఆవిడే. గోదావరి చేపలు తప్ప తెలీని మా అమ్మకి వంజరం ఏదో చందువా ఏదో, నెత్తళ్ళు ఎలా ఒలవాలో, ఏ నెలలో ఏ చేప రుచో నేర్పింది ఆవిడే. బేరం దగ్గర ఇద్దరూ కొట్టుకున్నంత పని చేసేవారు. బేరం తెగిన మరుక్షణం మెట్టు మీద కూర్చుని ఒకే గ్లాసులో మజ్జిగ సగం సగం తాగేవారు. మనుషులు అలా ఎలా మారిపోతారో నాకు అప్పుడూ అర్థం కాలేదు.

నాకు పదకొండేళ్ళ వయసులో, ఎండాకాలం వేట నిషేధం అయిపోయి బోట్లు మళ్ళీ సముద్రం మీదికి వెళ్ళిన రోజుల్లో, నూకాలమ్మ గంపలో చేపలతో పాటు ఒక రంగు డబ్బా తెచ్చింది. గోడలకి వేసే రంగు డబ్బా. అందులో జానెడు మొక్క, దాని తలమీద ఒకే ఒక్క ఎర్రటి పూవు.

"ఏంటే ఇది? చేపలు మానేసి మొక్కలమ్ముతున్నావా?" అంది అమ్మ.

"అమ్మకానికి కాదమ్మా. మా ఎర్రయ్య తగరపువలస సంతలో కొన్నాడు. మా గుడిసి కాడ ఇసక, ఉప్పు గాలి, ఆపైన మేకలు. ఏటీ బతకదు. మీ ఇంటికాడ ఉంచండి. నాను రోజూ ఒచ్చి సూసుకుంటాను."

ఆ కొనడం వెనక కథ కూడా చెప్పింది. ఎర్రయ్య ఆవిడ మొగుడు. మరబోటు మీద వేటకి వెళితే పది రోజులు, పన్నెండు రోజులు. వెళ్ళే ముందు పెళ్ళానికి మల్లెపూలు కొనడం ఆయనకి అలవాటు. ఆ మల్లెలు మర్నాటికే కమిలిపోతే ఆవిడకి మనసు పాడయ్యేది. అందుకని సంతలో వెతికి ఈ మొక్క పట్టుకొచ్చి, "నానొచ్చీదాకా ఈ పూలు వాడవే" అన్నాడట. అమ్మినవాడు కూడా ఇది ఎన్నేళ్ళయినా ఉంటుందని ఒట్టేసి చెప్పాడట. చెబుతూ చెబుతూ నూకాలమ్మ సిగ్గుపడింది. అంత మనిషి సిగ్గుపడటం చూసి నాకు నవ్వు ఆగలేదు.

ఎర్రయ్యని నేను ఒక్కసారే చూశాను. మొక్క వచ్చిన వారానికి మొక్కని చూడటానికి వచ్చాడు. గేటు బయటే నిలబడ్డాడు, లోపలికి రమ్మంటే కాళ్ళు తడిగా ఉన్నాయని రాలేదు. అక్కడి నుంచే గట్టిగా అరుస్తూ అమ్మకి పాఠం చెప్పాడు. "సేపలు కడిగిన నీళ్ళొయ్యండమ్మా మొదట్లో, ఇరగబూత్తాది! నీడలో ఎట్టకండి, ఎండ దానికి ఎంతైనా సాలదు!" అమ్మ ఆ వాసనకి ముక్కు మూసుకుంటూనే చేపలు కడిగిన నీళ్ళు పోసింది. వరండా అంతా ఈగలు ముసిరాయి, నాన్న రెండు రోజులు అన్నం వంటింట్లో తిన్నారు. నెలకల్లా ఆ మొక్క డబ్బా నిండా గుబురుకట్టి, పాతిక ముప్ఫై పూలు పూసింది.

దానికి చేసిన సేవ ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆకుల మీద దుమ్ము పేరుకుంటే మొక్క ఊపిరాడక పోతుందని అమ్మ భయం. ప్రతి ఉదయం తడి గుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేది. నల్ల దుమ్ము రోజైతే రెండు సార్లు. పూలని మాత్రం నా చేత చెంబుతో పైనుంచి కడిగించేది. వాడిపోని పూవు కదా అని గట్టిగా పొయ్యబోతే చెయ్యి మీద ఒక్కటి వేసేది. కొమ్మల చివర్లు గిల్లితే పక్క కొమ్మలు వస్తాయని నూకాలమ్మ గిల్లమనేది, అమ్మకి గిల్లడానికి ప్రాణం ఒప్పేది కాదు. ఎర్రయ్య బోటెక్కే రోజున నూకాలమ్మ రెండు పూలు కోసి కొప్పులో పెట్టుకునేది. ఆయన తిరిగొచ్చేసరికి అవి అలాగే ఉండేవి. ఆ పూలు పెట్టుకుని ఆవిడ వచ్చిందంటే బోటు ఇంకా రాలేదని, కొప్పులో ఏమీ లేకుండా వచ్చిందంటే వచ్చేసిందని మాకు తెలిసిపోయేది. నాలుగైదు సార్లు అలా జరిగింది, అంతే.

దీపావళి అయిన కొత్తలో తుపాను పట్టింది. మూడు రోజులు ఇల్లు కదలలేదు. హోరుగాలి, కరెంటు లేదు, వరండాలోకి నీళ్ళు. నాలుగో రోజు నూకాలమ్మ వచ్చింది. గంప లేదు. కొప్పులో రెండు పూలు ఉన్నాయి. "బోటు రానేదమ్మా" అంది. ఆ బోటులో ఆరుగురు. పారాదీపు వైపు వెళ్ళారని కొందరు, గాలి మొదలవగానే వెనక్కి తిప్పారని కొందరు అన్నారు. రెండు వారాల తర్వాత బోటు చెక్కలు దొరికాయి. మనుషులు ఎవరూ దొరకలేదు. వేరే దేశం ఓడ ఎక్కించుకుని ఉంటుందని, ఎక్కడో జైల్లో ఉండి ఉంటారని ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. నూకాలమ్మ రోజూ మా ఇంటికి వచ్చేది. మునుపు గంప దించి మెట్టు మీద కూర్చునేది కదా, ఇప్పుడు నేరుగా వెనక్కి వెళ్ళి డబ్బా ముందు నిలబడేది. పూలని చూసి, ఆకులని చూసి, మళ్ళీ పూలని చూసి వెళ్ళిపోయేది.

తుపాను నీళ్ళు డబ్బాలో నిలిచిపోయాయని మాకు తర్వాతెప్పుడో తెలిసింది. డబ్బాకి అడుగున చిల్లు ఉండాలని ఎవరికీ తట్టలేదు, ఎర్రయ్యకి కూడా. ఆకులు కొద్దికొద్దిగా రాలాయి గానీ పూలు నిక్షేపంలా ఉన్నాయి. బొగడబంతితో వచ్చిన చిక్కే అది. గులాబీ అయితే తల వేలాడేస్తుంది, మందారం ముడుచుకుంటుంది, ఇది మాత్రం చచ్చినా బతికినా మొహం ఒకేలా పెట్టుకుని నిలబడుతుంది. ఒక రోజు అమ్మ తుడుద్దామని కొమ్మ పట్టుకుంటే పుటుక్కుమని విరిగింది. ఇంకోటి పట్టుకుంటే అదీ విరిగింది. మొదలు పట్టుకుని లాగితే ఊరికే వచ్చేసింది. "బుజ్జీ, తలుపు వెయ్యి" అంది. వెనక తలుపు వేసి ఏం లాభమో నాకు తెలీలేదు, వేశాను. నూకాలమ్మ రావడానికి ఇంకా గంట టైముంది.

రాలిన పూలలోంచి పడ్డ గింజలు గోడ వారన అప్పటికే మొలిచి ఉన్నాయి. వాటిల్లో పెద్దదాన్ని, మూడు పూలున్న దాన్ని, మట్టి ముద్దతో సహా ఎత్తి డబ్బాలో పెట్టింది అమ్మ. పాత మొక్కని ప్రహరీ అవతలికి విసిరేసింది. "కొమ్మలు గిల్లానని చెబుదాం" అంది నాతో. నూకాలమ్మ వచ్చింది, చూసింది. "సిన్నదైపోనాదేటి?" అంది. "గిల్లాను. నువ్వే కదా గిల్లమన్నావు" అంది అమ్మ. ఆవిడ తల ఊపి వెళ్ళిపోయింది. ఆ రోజంతా అమ్మ ఎక్కడా కుదురుగా కూర్చోలేదు. నేను అబద్ధం తప్పు కదా అని అడిగితే, "ఆ చెట్టు చచ్చిందని నేను చెప్పగలనా? ఆ మాట నా నోటితో అనగలనా?" అని నా మీద విరుచుకుపడింది.

అలా మొదలైంది. మొక్క ఒక ఏడాది ఎండలకి పోయేది, ఒక ఏడాది వానకి పోయేది. పోయినట్టు అనుమానం రాగానే అమ్మ ఇంకోదాన్ని నాటేది. ఎండిన పూలు అరచేతుల్లో నలిపి, పశువుల ఎరువు పొడి కలిపిన మట్టిలో చల్లి, పైన పిడికెడు ఇసక జల్లి, ఎప్పుడూ నాలుగు నారు మొక్కలు గోనెపట్టా చాటున సిద్ధంగా ఉంచేది. నేను అందులో చెయ్యి తిరిగినదాన్ని అయిపోయాను. పాత మొక్క ఎటు వంగి ఉండేదో కొత్తదాన్ని అటే వంచి పుల్ల పాతేదాన్ని. నూకాలమ్మ ఎర్రబొట్టూ గాజులూ తియ్యలేదు. మిగతా అయిదు ఇళ్ళవాళ్ళూ ఏడాది తిరిగేసరికి కర్మలు చేసేసుకున్నారు, ఆవిడ చెయ్యలేదు. అది మా చెట్టు వల్లేనని అమ్మకి తెలుసు, నాకూ తెలుసు. మొక్కని బతికించినంత కాలం ఆవిడ ఎదురుచూపు ఆగదు, మొక్కని చావనిస్తే ఎర్రయ్యని మేమే చంపినట్టు. అమ్మ ఒక్కో రోజు, "ఇక చాలు, ఈసారి పోతే పోనిద్దాం" అనేది. మర్నాడే నారు మొక్కలకి నీళ్ళు పోస్తూ కనబడేది. మంచి చేస్తున్నామో చెడు చేస్తున్నామో ఇద్దరికీ తెలిసేది కాదు.

ఆరేళ్ళు గడిచాయి. నేను ఇంటర్ అయి, ద్వారకా నగర్‌లో కోచింగుకి వెళుతున్నాను. ఒక ఆదివారం నూకాలమ్మ వచ్చి డబ్బా ముందు నిలబడకుండా కింద కూలబడింది. అమ్మ వరండాలో బియ్యం ఏరుతోంది, నేను పక్కన పుస్తకం పట్టుకుని ఉన్నాను.

"అమ్మగారూ, ఇది సావదేటి?" అంది.

అమ్మ చెయ్యి ఆగిపోయింది. "అదేం మాట నూకాలూ, పచ్చగా ఉన్న చెట్టుని పట్టుకుని?"

"పచ్చగా ఉన్నాదనే అడుగుతన్నాను. ఆరేళ్ళయిపోనాది. మా పెద్దలు ఈ ఏడైనా ఆడికి దినం ఎట్టీమంటన్నారు. ఏ రోజు ఎట్టాల? ఏదో ఒక రోజు ఎట్టీ అంటన్నారు. ఏదో ఒక రోజు ఎట్టడానికి మా ఎర్రయ్య ఏదో ఒకడేటమ్మా?" చెంగుతో మొహం తుడుచుకుంది. "ఆడు ఆకలికి ఆగనేడు. బోటు దిగితే సాలు, కాళ్ళు కడుక్కోకుండానే కంచం ముందు కూకునీవోడు. ఆరేళ్ళనించి ఆడికి ముద్ద ఎట్టినోలు నేరు. ఈ సెట్టు సచ్చిన రోజే ఆడి రోజు అనుకున్నాను. అందుకే రోజూ ఒచ్చి సూత్తన్నాను. ఇదేమో సావదు. సావకపోతే బతికున్నాడేటో అని ఒక పక్క. బతికుంటే రాడేటి అని ఒక పక్క. నాకు పిచ్చెక్కిపోతన్నాది."

ఇన్నేళ్ళూ ఆవిడ మొక్క బతికుందని ధైర్యం తెచ్చుకోవడానికి వస్తోందనుకున్నాం. ఆవిడేమో అది ఎప్పుడు చస్తుందా అని వస్తోంది. అమ్మ చేట పక్కన పెట్టి, నూకాలమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది. "నూకాలూ, ఇది ఆ చెట్టు కాదే" అంది. ఏడుస్తూనే అంతా చెప్పింది. తుపాను నీళ్ళు, విరిగిన కొమ్మ, గోడ వారన మొలకలు, గిల్లానని ఆడిన అబద్ధం. ఇది ఆరోదో ఏడోదో కూడా తనకి తెలీదంది. నూకాలమ్మ కొడుతుందనుకున్నాను. కొట్టినా అమ్మ పడేదే. ఆవిడ ఒక్కటే అడిగింది. "మొదటిది ఏ రోజు సచ్చింది?"

అమ్మకి తెలీదు. బుర్ర పట్టుకుంది, కార్తీకమంది, కాదు మార్గశిరమంది, నా వైపు చూసింది. నూకాలమ్మ కూడా నా వైపు చూసింది. ఆ చూపుకి తట్టుకోలేకపోయాను. "పోలి పాడ్యమి నాడు" అన్నాను.

"నిజమేనా పాపా? నువ్వు సూసినావా?"

"చూశాను. అమ్మ తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు వదిలి వచ్చింది. ఆ చీరతోనే మొక్క పీకింది. చీరకి నెయ్యి వాసన."

"పొద్దున్నే?"

"పొద్దున్నే."

"పోలి పాడ్యమి, పొద్దున్నే" అని రెండు సార్లు తనలో తను అనుకుంది నూకాలమ్మ. లేచింది. నా తల మీద చెయ్యి వేసింది. గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, అమ్మతో, గొంతు ఏమాత్రం పెంచకుండా, "ఆరేళ్ళమ్మా. ఆరేళ్ళు ఆడిని పస్తుంచీసినారు" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు నెలలు మా వీధికే రాలేదు. అమ్మ ఆ రెండు నెలలూ చేప ముట్టుకోలేదు. డబ్బాలో మొక్కకి నీళ్ళు పోసిందో మానిందో నేను చూడలేదు, కొన్నాళ్ళకి డబ్బా ఖాళీగా కనబడింది. కార్తీకం చివర్లో ఒక ఉదయం నూకాలమ్మ గంపతో గుమ్మంలో నిలబడి, "ఎల్లుండి ఎర్రయ్య దినం. మీ ఇద్దరూ రావాల" అంది. గాజులు లేవు. మొహం మాత్రం తేటగా ఉంది. వెళ్ళాం. అమ్మకి పీట వేసి, తనే వడ్డించింది. అప్పటినించి ఏటా వెళుతూనే ఉన్నాం.

ఇక్కడే నా తలనొప్పి అంతా. ఆ రోజు నూకాలమ్మ వెళ్ళిపోయాక అమ్మ నన్ను పట్టుకుని, "అది పోలి నాడు కాదే బుజ్జీ. సంక్రాంతి ముందు, ముగ్గుల రోజుల్లో అనుకుంటా. నువ్వెందుకలా అన్నావు?" అంది. కాదు, నాకు గుర్తుంది, నెయ్యి వాసన గుర్తుంది అని నేను. అది వేరే ఏడాది, వేరే చెట్టు అయి ఉంటుందని ఆవిడ. నిజమే కావచ్చు. మేం ఆరేడు చెట్లు పీకాం. ఏ చెట్టుతో ఏ చీర, ఏ చీరతో ఏ వాసన, ఎవరు చెప్పగలరు? నేను చూసింది చెప్పానా, నూకాలమ్మ మొహం చూడలేక నోటికొచ్చిన రోజు చెప్పానా, నిజంగా నాకు తెలీదు. పదిహేడేళ్ళ పిల్ల ఒక మనిషి చావుకి తిథి పెట్టింది. ఆ తిథికి ఏటా పొయ్యి వెలుగుతోంది. అమ్మా నేనూ ఈ విషయం మీద అమ్మ చివరి రోజుల దాకా వాదించుకుంటూనే ఉన్నాం.

ఇప్పుడు ఆ క్వార్టర్సు లేవు, కొట్టేశారు. మేం ఉంటున్న ఫ్లాటులో చేప కావాలంటే ఫోను నొక్కితే ముక్కలు కోసి, ముళ్ళు తీసి, ప్లాస్టిక్కు డబ్బాలో తెచ్చిస్తారు. తెచ్చినవాడి మొహం నాకు తెలీదు, నా మొక్కల సంగతి వాడికి తెలీదు. అప్పుడు పక్కింటి కష్టం మన వరండాలోకి వచ్చి డబ్బా పెట్టుకుని కూర్చునేది, దాన్ని చక్కబెట్టబోయి ఇంకాస్త చెడగొట్టేవాళ్ళం. ఇప్పుడు ఎవరి జోలికీ పోము, ఎవరికీ చెడు చెయ్యము. ఇది మేలో అది మేలో తేల్చుకోలేను. దుమ్ము మాత్రం ఉంది. పొద్దున్న లేచి కిటికీ అంచు మీద వేలు రాసి చూసే అలవాటు నాకూ వచ్చింది.

అమ్మ పొట్లంలో పూలు రెండు పట్టుకుని మొన్న తగరపువలస రోడ్డులో ఒక నర్సరీకి వెళ్ళాను. వాటి గింజలు మొలుస్తాయా అని అడగడానికే. నర్సరీ నడిపేది ఒక నడివయసు ఆవిడ. పూవుని వెలుగులో పెట్టి తిప్పి చూసింది. "ఎర్ర రకమా! ఇది మామూలు బొగడబంతి కాదు మేడం. మామూలుది గులాబీ రంగు, ఒక సీజనుకి అయిపోతాది. ఇది దుంప రకం, ఏళ్ళ తరబడి ఉంటాది" అంది. పైన చెట్టు చచ్చిపోతే, అని అడిగాను. "పైన ఎండిపోతాది, కొమ్మ పట్టుకుంటే ఇరిగిపోతాది. అందరూ సచ్చిపోయిందనుకుని పారేత్తారు. కింద దుంప బతికే ఉంటాది మేడం. అలా ఒదిలేత్తే రెండు సినుకులకి మళ్ళీ సిగురేత్తాది." కుండీ ఒకటి బోర్లించి వేళ్ళకి ఉన్న చిన్న చిన్న దుంపలు చూపించింది కూడా.

అమ్మ మొక్క పీకినప్పుడు వేళ్ళకి దుంపలున్నాయా? ఊరికే వచ్చేసిందని గుర్తు, అంటే తెగి వచ్చిందా? దుంప మట్టిలోనే ఉండిపోయిందా? ఆ డబ్బాలో ఒక ఏడాది మొక్క పక్కన ఇంకో చిగురు తనంతట తనే వస్తే గింజ పడి మొలిచిందనుకున్నాం. తగరపువలస సంతలో వాడు ఎర్రయ్యకి నిజమే చెప్పాడా? ఎన్ని బతికున్నవాటిని గోడ అవతలికి విసిరేశామో! అమ్మ ఉంటే ఫోను చేసి అడిగేదాన్ని, ఆవిడ నన్ను తిట్టేది, కాస్త ఊరటగా ఉండేది. మొక్క కొనకుండానే ఇంటికి వచ్చేశాను. మొదటి చెట్టు ఆ రోజు చావకపోతే, అసలు చావనే చావకపోతే, ఇన్నేళ్ళుగా మేం తింటున్న ఆ అన్నం ఏమిటి? వారం రోజులు ఇదే బెంగ.

ఆ వారం చివర పోలి పాడ్యమి వచ్చింది. జాలారిపేటలో నూకాలమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడకి ఇప్పుడు నడుం వంగింది, చూపు మందగించింది, గంప ఎత్తడం మానేసి చాలా ఏళ్ళయింది. పొయ్యి దగ్గర మాత్రం ఎవరినీ రానివ్వదు. మధ్యాహ్నం గోడ మీద ఆకులో ఎర్రయ్య ముద్ద పెట్టి వచ్చి, నా ఎదుట విస్తరి వేసింది. చెప్పకూడదనుకునే వెళ్ళాను. కలిపిన ముద్ద మళ్ళీ విస్తట్లోనే పెట్టేశాను. అంతా చెప్పేశాను. దుంప సంగతి, నెయ్యి వాసన సంగతి, అమ్మ చెప్పిన ముగ్గుల రోజుల సంగతి, నేను చెప్పిన రోజు నిజమో కాదో నాకే తెలీదన్న సంగతి. "ఆ చెట్టు అసలు చావలేదేమో నూకాలమ్మా" అని ఏడ్చాను. నలభై దాటినదాన్ని, చిన్నపిల్లలా వెక్కిళ్ళు పెట్టి ఏడ్చాను.

ఆవిడ కూర గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడి విన్నది. కోపం రాలేదు, ఆశ్చర్యపోనూ లేదు. గోడ వైపు ఒకసారి చూసింది.

"బతికుంటే ఆడే ఒచ్చి తింటాడు. సచ్చిపోతే కాకొచ్చి తింటాది. అన్నం ఒండాల గదే గుంటా" అని, నా విస్తట్లో ఇంకో వంజరం ముక్క వేసింది. "తిను. సల్లారిపోతన్నాది."